పొదుపు సొమ్ము పోయే దారి

బ్యాంకు చేసే పని మూలంలో చాలా సరళమైనది. ఒకరు దాచుకొన్న సొమ్మును డిపాజిట్‌గా తీసుకొని, దానిని మరొకరికి అప్పుగా ఇచ్చి, అప్పుపై రాబట్టే వడ్డీకీ డిపాజిట్‌పై చెల్లించే వడ్డీకీ మధ్య ఉన్న తేడాతో సిబ్బంది జీతాలు, కార్యాలయ ఖర్చులు, మొండి బాకీల నష్టం భరించి, మిగిలినదానిని లాభంగా చూపించడమే ఆ పని. ఈ వ్యవహారంలో డిపాజిటుదారుకు తెలిసేవి రెండే విషయాలు: సొమ్ము భద్రంగా ఉందా, వడ్డీ ఎంత వస్తుంది. ఆ సొమ్ము ఏ ఊరిలో, ఏ పరిశ్రమకు, ఏ అవసరానికి అప్పుగా వెళ్ళిందో పాసుపుస్తకంలో ఎక్కడా కనిపించదు. పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు తనకు వచ్చిన మొత్తాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే, అది చెరువు నీటిని పాడుచేసే కర్మాగారానికీ చేరవచ్చు, పక్క మండలంలోని సౌర విద్యుత్ కేంద్రానికీ చేరవచ్చు. ఆ ఎంపికలో ఆయనకు పాత్ర లేదు, దాని గురించి ఆయనకు అందే సమాచారమూ లేదు. ఈ లోటును తీర్చాలనే సంకల్పంతో గత అర్ధ శతాబ్ద కాలంలో ఐరోపాలో రూపుదిద్దుకొన్న బ్యాంకింగ్ పద్ధతినే నైతిక బ్యాంకింగ్ అంటున్నారు.

నైతిక బ్యాంకింగ్ మూడు నియమాలపై నిలుస్తుంది. మొదటిది నిషేధ నియమం: ఆయుధాలు, పొగాకు, బొగ్గు, చమురు వంటి రంగాలకు ఎంత లాభం వచ్చినా అప్పు ఇవ్వకూడదని బ్యాంకు ముందుగానే ప్రకటించుకోవడం. రెండవది ప్రాధాన్య నియమం: పునరుత్పాదక ఇంధనం, సేంద్రియ వ్యవసాయం, పేదలకు గృహవసతి, వైద్యం, విద్య, కళలు వంటి రంగాలలో మేలు చేసే సంస్థలను వెతికి వాటికి అప్పు ఇవ్వడం. మూడవది, తక్కిన రెండింటికీ ప్రాణం పోసేది, పారదర్శకత: ఏ సంస్థకు అప్పు ఇచ్చిందో ఆ సంస్థల పేర్లను డిపాజిటుదారులందరూ చూడగలిగేలా ప్రచురించడం. మొదటి రెండు నియమాలను పాటిస్తున్నామని ఏ బ్యాంకు అయినా ప్రకటన ఇవ్వగలదు. మూడవ నియమాన్ని పాటించినప్పుడు మాత్రమే ఆ ప్రకటన నిజమో కాదో బయటివారు తేల్చుకోగలుగుతారు.

ఈ పద్ధతికి ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా గుర్తింపు తెచ్చిన సంస్థలలో నెదర్లాండ్స్ దేశానికి చెందిన ట్రియోడోస్ బ్యాంకు ఒకటి. 1968లో అడ్రియాన్ డెకింగ్ డూరా అనే ఆర్థికవేత్త, డీటర్ బ్రూల్ అనే పన్నుల న్యాయశాస్త్ర ఆచార్యుడు, లెక్స్ బోస్ అనే సంస్థాగత సలహాదారు, రుడోల్ఫ్ మేస్ అనే బ్యాంకరు కలిసి, డబ్బును సమాజహితానికి తగినట్లుగా, తెలివిడితో ఎలా వినియోగించవచ్చునో చర్చించడానికి ఒక అధ్యయన బృందంగా ఏర్పడ్డారు. ఆ చర్చల ఫలితంగా 1971లో విరాళాలు, పూచీకత్తుల ద్వారా కొత్త ప్రయత్నాలకు చేయూతనిచ్చే ఒక నిధి ఏర్పడింది. మరి తొమ్మిదేళ్ళకు, 1980లో, డచ్చి కేంద్ర బ్యాంకు నుంచి పూర్తి స్థాయి అనుమతి పొంది, 12 లక్షల గిల్డర్ల మూలధనంతో, అంటే నేటి కరెన్సీలో సుమారు 5 లక్షల 40 వేల యూరోలతో, జైస్ట్ పట్టణంలో బ్యాంకు ప్రారంభమైంది. అంతకు ఆరేళ్ళ ముందే, 1974లో, జర్మనీలోని బోకుమ్ నగరంలో జీఎల్ఎస్ బ్యాంకు ఇదే బాటలో మొదలైంది. ఈ రెండు సంస్థలూ పెద్ద మూలధనంతో పుట్టినవి కావు. వాటిని నిలబెట్టినది తమ సొమ్ము ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలనుకొన్న చిన్న డిపాజిటుదారుల నమ్మకం.

ట్రియోడోస్ చరిత్రలో 1986 ఒక మలుపు. ఆ ఏడాది ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం ఐరోపా ప్రజలను కలవరపెట్టినప్పుడు, అణు విద్యుత్తును వ్యతిరేకిస్తే సరిపోదనీ, దానికి మారుగా నిలిచే విద్యుత్తుకు పెట్టుబడి సమకూర్చాలనీ భావించిన ఆ బ్యాంకు, గాలిమరల స్థాపనకోసం ప్రత్యేకంగా ఒక పవన నిధిని ఏర్పాటు చేసింది. పవన విద్యుత్తు లాభసాటి వ్యాపారమని సాధారణ బ్యాంకులు ఇంకా నమ్మని రోజులవి. గాలిమర ఎన్నేళ్ళు తిరుగుతుంది, ఏడాదికి ఎంత విద్యుత్తు ఇస్తుంది, మరమ్మతులకు ఎంత ఖర్చవుతుంది అనే లెక్కలను అప్పు ఇచ్చేవారే దగ్గరుండి నేర్చుకోవలసి వచ్చింది. ఆ నేర్పు తరువాతి దశాబ్దాలలో ఆ బ్యాంకుకు పెద్ద ఆస్తి అయింది. 1993లో బెల్జియం, 1995లో బ్రిటన్, 2004లో స్పెయిన్, 2009లో జర్మనీ దేశాలకు అది విస్తరించింది. 1994లో హివోస్ అనే డచ్చి అభివృద్ధి సంస్థతో కలిసి, వర్ధమాన దేశాలలో పేదలకు చిన్న రుణాలు ఇచ్చే సంస్థలకు పెట్టుబడి అందించడానికి హివోస్-ట్రియోడోస్ నిధిని నెలకొల్పింది. ఈ నిధికి తెలుగు నేలతో ఉన్న సంబంధం ఈ ప్రసంగంలో మరికొంత సేపటికి వస్తుంది.

2008లో ప్రపంచ ఆర్థిక సంక్షోభం తలెత్తినప్పుడు, అమెరికా గృహ రుణాల ఆధారంగా అల్లిన సంక్లిష్టమైన పత్రాలను కొన్న పెద్ద బ్యాంకులు కుదేలయ్యాయి. నెదర్లాండ్స్‌లోనే ఐఎన్‌జీ సంస్థను ఆదుకోవడానికి ప్రభుత్వం 1,000 కోట్ల యూరోల సహాయం అందించవలసి వచ్చింది. ఏబీఎన్ ఆమ్రో బ్యాంకు ప్రభుత్వపరమైంది. ట్రియోడోస్‌కు ప్రభుత్వ సాయం అవసరం పడలేదు సరికదా, ఇతర బ్యాంకులపై విశ్వాసం కోల్పోయిన వారి డిపాజిట్లతో అది మరింత పెరిగింది. ఇందుకు కారణం అసాధారణమైన తెలివితేటలు కావు. గాలిమర, పాడి పొలం, వృద్ధాశ్రమం, పాఠశాల వంటి కంటికి కనిపించే పనులకు మాత్రమే అప్పు ఇవ్వాలన్న నియమం ఉన్న బ్యాంకు పుస్తకాలలోకి, అర్థం కాని పత్రాలు ప్రవేశించే అవకాశమే ఉండదు. ఈ నేపథ్యంలో 2009లో లండన్‌లోని ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక, ప్రపంచ బ్యాంకు బృందానికి చెందిన ఇంటర్నేషనల్ ఫైనాన్స్ కార్పొరేషన్ కలిసి ఇచ్చిన ఆ సంవత్సరపు సుస్థిర బ్యాంకు పురస్కారం ట్రియోడోస్‌కు దక్కింది. అదే సంవత్సరం మార్చిలో బంగ్లాదేశ్‌కు చెందిన బ్రాక్ బ్యాంకు, అమెరికాకు చెందిన షోర్‌బ్యాంక్ తదితర సంస్థలతో కలిసి అది విలువల ఆధారిత బ్యాంకుల అంతర్జాతీయ కూటమిని స్థాపించింది.

సుస్థిరత అనే మాటను ఇక్కడ కొంత విడమరచి చెప్పుకోవాలి. నేటి తరం అవసరాలు తీరుతూనే రేపటి తరాల అవసరాలకు భంగం కలగకుండా సాగే జీవన విధానాన్ని సుస్థిరత అంటారు. ఒక సిమెంటు కర్మాగారం విషయంలో దీనిని కొలవడం తేలిక. దాని గొట్టం నుంచి వెలువడే పొగే సాక్ష్యం. బ్యాంకుకు పొగగొట్టం లేదు. శాఖలలో కాగితం తగ్గించి, దీపాలు మార్చి, పైకప్పున సౌర ఫలకాలు అమర్చుకొన్న ప్రతి బ్యాంకూ తాను పర్యావరణ హితమైనదని చెప్పుకోవచ్చు. అయితే బ్యాంకు సొంత కార్యాలయాల కాలుష్యం, అది ఇచ్చిన అప్పులతో నడిచే పరిశ్రమల కాలుష్యంతో పోలిస్తే లెక్కలోకి రానంత తక్కువ. అందువల్ల అసలు కొలవవలసినది అప్పుల వెంట నడిచే ఉద్గారాలను.

ఆ కొలత పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఒక కర్మాగారంలో యజమానుల పెట్టుబడీ అప్పులూ కలిపి మొత్తం 100 కోట్ల రూపాయలు ఉన్నాయనీ, అందులో ఒక బ్యాంకు అప్పు 20 కోట్లనీ, ఆ కర్మాగారం ఏడాదికి 1,000 టన్నుల బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుందనీ అనుకొంటే, ఐదో వంతు పెట్టుబడి ఆ బ్యాంకుదే కనుక ఐదో వంతు ఉద్గారం, అంటే 200 టన్నులు, ఆ బ్యాంకు ఖాతాలో రాయాలి. ఇలా ప్రతి అప్పుకూ లెక్క కట్టి కూడితే ఆ బ్యాంకు అసలు కాలుష్య భారం ఎంతో తేలుతుంది. ఈ లెక్కకు ఒక ఉమ్మడి పద్ధతిని రూపొందించే పనిని 2015లో పారిస్ వాతావరణ సదస్సు జరిగిన సమయంలో ట్రియోడోస్‌తో సహా కొన్ని డచ్చి ఆర్థిక సంస్థలు చేపట్టగా, నేడు అనేక దేశాల బ్యాంకులు ఆ పద్ధతిని అనుసరిస్తున్నాయి. తన అప్పులు, పెట్టుబడుల నికర ఉద్గారాలను 2035 నాటికి సున్నాకు చేర్చాలని 2021లో ట్రియోడోస్ లక్ష్యం ప్రకటించింది. చాలా బ్యాంకులు 2050ని గడువుగా పెట్టుకొన్న కాలంలో, పదిహేనేళ్ళు ముందుగా గడువు పెట్టుకోవడం సాహసమే.

సొంత కార్యాలయాల భారం తక్కువైనా, ఒక సంస్థ ఆలోచనా సరళి ఎంత లోతుగా నాటుకొన్నదో దాని కట్టడంలో కనిపిస్తుంది. 2019లో డ్రీబెర్గెన్-జైస్ట్ రైల్వే స్టేషను పక్కన, చెట్ల మధ్య, థామస్ రౌ అనే వాస్తుశిల్పి సంస్థ రూపకల్పనలో ట్రియోడోస్ ప్రధాన కార్యాలయం పూర్తయింది. నేలమాళిగకు కాంక్రీటు వాడినా, పైన లేచిన కట్టడమంతా కలపతో నిర్మించారు. స్తంభాలు, దూలాలు, అంతస్తుల పలకలు అన్నీ చెక్కవే. వాటిని జిగురుతోనో సిమెంటుతోనో శాశ్వతంగా అతికించకుండా, 1,65,312 మరలతో బిగించారు. ఆ సంఖ్యను అంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం, భవనంలోని ప్రతి దూలం, ప్రతి పలక ఏ కొలతలది, ఎక్కడ ఉంది అనే వివరాలను ఒక పత్రంలో నమోదు చేయడమే. రేపు ఆ భవనం అవసరం తీరిపోతే మరలు విప్పి, ఏ భాగానికి ఆ భాగం ఊడదీసి, మరోచోట మరో కట్టడానికి వాడుకోవచ్చు. కూల్చినప్పుడు శిథిలాల గుట్టగా మారే భవనానికీ, విప్పినప్పుడు మళ్ళీ సరుకుగా మారే భవనానికీ ఉన్న తేడాలో సుస్థిరత అనే మాటకు చక్కని నిర్వచనం ఉంది. ఈ పద్ధతికి మూలం కూడా లెక్క రాసి పెట్టుకోవడమే.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి పురస్కారం పొందిన బ్యాంకు ఎప్పటికీ భద్రమైనదని భావిస్తే పొరపాటు. ట్రియోడోస్‌కు దక్కిన తరువాతి సంవత్సరం, 2010లో, అదే పురస్కారం బ్రిటన్‌కు చెందిన కోఆపరేటివ్ ఫైనాన్షియల్ సర్వీసెస్‌కు లభించింది. దాని అధీనంలోని కోఆపరేటివ్ బ్యాంకు 1992 నుంచే నైతిక విధానాన్ని ప్రకటించి పేరు తెచ్చుకొన్న సంస్థ. కానీ 2009లో బ్రిటానియా అనే గృహ రుణ సంస్థను విలీనం చేసుకోవడంతో వచ్చిపడిన చెడ్డ అప్పులు తదితర కారణాల వల్ల, 2013లో ఆ బ్యాంకు మూలధనంలో 150 కోట్ల పౌండ్ల లోటు బయటపడి, సహకార ఉద్యమం చేతిలో ఉన్న ఆధిపత్యం పెట్టుబడి నిధుల చేతికి పోయింది. అంతర్జాతీయ కూటమి స్థాపకులలో ఒకటైన షికాగో నగరపు షోర్‌బ్యాంక్, 1973 నుంచి నల్లజాతి ప్రజల పేటలను నిలబెట్టడానికి అప్పులిచ్చిన ఆదర్శ సంస్థ అయినా, మాంద్యం ఆ పేటలనే అందరికంటే గట్టిగా దెబ్బతీయడంతో 2010 ఆగస్టులో మూతపడింది.

ట్రియోడోస్ కూడా పరీక్షలను తప్పించుకోలేదు. ఎవరో ఒక పెద్ద మదుపరి బ్యాంకును హస్తగతం చేసుకొని దాని ఆశయాన్ని మార్చివేయకుండా, వాటాలన్నింటినీ ఒక ప్రత్యేక ట్రస్టు చేతిలో ఉంచి, ప్రజలకు వాటి విలువకు ప్రతిగా డిపాజిటరీ రసీదులు అనే పత్రాలు అమ్మే పద్ధతిని ఆ బ్యాంకు అనుసరించింది. ఈ పత్రాల ధరను స్టాక్ మార్కెట్ నిర్ణయించేది కాదు. బ్యాంకు నికర ఆస్తుల విలువను బట్టి బ్యాంకే లెక్కకట్టేది. కొనేవారు, అమ్మేవారు సమానంగా ఉన్నంత కాలం ఈ ఏర్పాటు సాఫీగా సాగింది. 2020లో కోవిడ్ భయంతో అమ్మేవారు ఎక్కువైనప్పుడు అమ్మకాలు నిలిపివేయవలసి వచ్చింది. మధ్యలో కొద్ది నెలలు తెరిచినా 2021 జనవరిలో మళ్ళీ ఆగిపోయాయి. 40,000 మందికి పైగా సామాన్య మదుపరుల సొమ్ము చిక్కుకొని, 2023లో పరిమిత వేదికపై క్రయవిక్రయాలు మొదలైనప్పుడు ధర పాత విలువకంటే చాలా కిందికి పడిపోయింది. నష్టపోయినవారిలో కొందరు న్యాయస్థానాలను ఆశ్రయించారు. చివరకు 2025లో ఆ పత్రాలు ఆమ్‌స్టర్‌డామ్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదయ్యాయి. సొమ్ము మంచి పనికి వెళ్ళడం ఎంత ముఖ్యమో, దాచుకొన్నవారికి అవసరమైనప్పుడు అది తిరిగి దొరకడం కూడా అంతే ముఖ్యమైన నైతిక బాధ్యత అని ఈ అనుభవం గట్టిగా గుర్తుచేస్తుంది.

తెలుగు నేలకు ఈ చరిత్రతో ప్రత్యక్ష సంబంధం ఉంది. 1996లో విజయ్ మహాజన్ తదితరులు హైదరాబాదు కేంద్రంగా ప్రారంభించిన బేసిక్స్ సంస్థ, వానలు సరిగా కురవని మహబూబ్‌నగర్, రాయచూరు వంటి మెట్ట ప్రాంతాలలో చిన్న రైతులకూ చేతివృత్తులవారికీ అప్పులిచ్చే పని చేపట్టినప్పుడు, దాని ఆర్థిక విభాగంలో వాటాలు కొన్నవారిలో హివోస్-ట్రియోడోస్ నిధి, షోర్‌బ్యాంక్ సంస్థ ఉన్నాయి. అప్పులు సకాలంలో తిరిగి వస్తున్నాయన్న తృప్తితో ఆగకుండా, 2001లో ఆ సంస్థ తన ఖాతాదారుల జీవితాలలో వచ్చిన మార్పును పరిశీలన చేయించింది. కొన్నేళ్ళుగా అప్పు తీసుకొంటున్నవారిలో ఆదాయం పెరిగినవారు 52 శాతం మాత్రమేనని తేలింది. మిగిలినవారిలో కొందరి పరిస్థితి మారలేదు, కొందరి ఆదాయం తగ్గింది కూడా. పంట పోయినా పశువు చచ్చినా ఆదుకొనే బీమా లేకపోవడం, దిగుబడి తక్కువ కావడం, పండినదానికి గిట్టుబాటు ధర రాకపోవడం ఇందుకు కారణాలని ఆ పరిశీలన చూపింది. ఆ ఫలితాన్ని దాచిపెట్టకుండా చెప్పి, అప్పుతో పాటు బీమా, వ్యవసాయ, పశువైద్య సలహాలు, ఉత్పత్తిదారుల సంఘాల నిర్మాణం కలిపి అందించే త్రిముఖ జీవనోపాధి విధానానికి బేసిక్స్ మళ్ళింది. ఏ పురస్కారం కంటే కూడా ఆ 52 శాతం అనే అంకెను బయటపెట్టిన నిజాయితీయే నైతిక బ్యాంకింగ్‌కు సరైన నమూనా.

అయితే ఒక సంస్థ నిజాయితీ మొత్తం రంగాన్ని కాపాడలేకపోయింది. 2010 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ కంపెనీలు పోటీపడి ఒకే మహిళకు రెండు మూడు చోట్ల అప్పులిచ్చి, వారంవారం కిస్తీలకోసం ఇళ్ళ ముందు కూర్చొని, సంఘంలోని తోటి సభ్యులచేత ఒత్తిడి చేయించిన ఉదంతాలు, ఆత్మహత్యల వార్తలు రాష్ట్రాన్ని కదిలించాయి. ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవడంతో వసూళ్ళు దాదాపు ఆగిపోయాయి. మంచీ చెడూ తేడా లేకుండా ఆ దెబ్బ అన్ని సంస్థలకూ తగిలింది, బేసిక్స్ కూడా తీవ్రంగా నష్టపోయింది. పేదలకు అప్పు ఇవ్వడమే పుణ్యమన్న భావన ఎంత ప్రమాదకరమైనదో, తీర్చగలిగినంత మేరకే ఇవ్వడం, గౌరవంగా వసూలు చేయడం ఎంత అవసరమో ఆ సంక్షోభం నేర్పింది. సుస్థిరత అనే మాట పరిధిలోకి గాలి, నీరు, అడవులతో పాటు అప్పు తీసుకొన్న మనిషి మనశ్శాంతి కూడా వస్తుంది.

నేడు భారతదేశంలో సామాన్య డిపాజిటుదారుకు ఒక కొత్త ఆధారం దొరికింది. రిజర్వు బ్యాంకు 2023 ఏప్రిల్‌లో హరిత డిపాజిట్ల విధివిధానాలు ప్రకటించి, ఆ ఏడాది జూన్ 1 నుంచి అమలులోకి తెచ్చింది. పర్యావరణ హితమైన పనులకే వాడతామని చెప్పి బ్యాంకు స్వీకరించే డిపాజిట్‌ను హరిత డిపాజిట్ అంటారు. ఆ సొమ్మును పునరుత్పాదక విద్యుత్, ఇంధన పొదుపు, కాలుష్యరహిత రవాణా, నీటి యాజమాన్యం, కాలుష్య నివారణ వంటి రంగాలకు ఇవ్వవచ్చు. బొగ్గు, చమురు వంటి శిలాజ ఇంధనాలకు, అణు విద్యుత్తుకు, పొగాకు, మద్యం, ఆయుధాలకు, 25 మెగావాట్లకు మించిన జలవిద్యుత్ కేంద్రాలకు ఇవ్వకూడదు. అన్నింటికంటే ముఖ్యంగా, ఆ సొమ్ము వినియోగాన్ని బయటి సంస్థచేత ఏటా తనిఖీ చేయించి, ఆ వివరాలను బ్యాంకు వెల్లడించాలి. ఇలాంటి డిపాజిట్లు స్వీకరించాలా వద్దా అనేది బ్యాంకుల ఇష్టానికే వదిలివేశారు కనుక, అడిగేవారు లేకపోతే ఈ ఏర్పాటు కాగితంపైనే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

కాబట్టి సుస్థిర బ్యాంకు అన్న గుర్తింపును తుది తీర్పుగా కాక, ప్రశ్నించడానికి మొదటి మెట్టుగా తీసుకోవడం వివేకం. ఏ బ్యాంకు అయినా తన అప్పుల జాబితాను తెరిచి చూపిస్తున్నదా, అప్పుల వెంట నడిచే ఉద్గారాలను లెక్కిస్తున్నదా, అప్పు తీసుకొన్నవారి జీవితం బాగుపడిందో లేదో పరిశీలిస్తున్నదా, చెడు ఫలితం వచ్చినప్పుడు దానిని కూడా చెబుతున్నదా అనే నాలుగు ప్రశ్నలకు వచ్చే జవాబులే ఆ బ్యాంకు విలువను నిర్ణయిస్తాయి. ఈసారి ఫిక్స్‌డ్ డిపాజిట్ పత్రంపై సంతకం చేసే ముందు, వడ్డీ రేటుతో పాటు ఈ సొమ్ము ఎవరికి అప్పుగా వెళుతుందని కూడా శ్రోతలు తమ శాఖ మేనేజరును అడగాలి. డ్వాక్రా సంఘాల పొదుపు సమావేశాలలో, సహకార పరపతి సంఘాల మహాసభలలో, ఉద్యోగుల పొదుపు సంఘాలలో కూడా ఈ ప్రశ్న వినిపించాలి. వెంటనే జవాబు దొరకకపోయినా, అడిగేవారి సంఖ్య పెరిగే కొద్దీ జవాబు సిద్ధం చేసుకోక బ్యాంకులకు తప్పదు.